అంతుచిక్కని జబ్బుల నిర్ధారణ: తెలుగు ప్రాంతాల అనుభవం (1930–2020)

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• రోగ నిర్ధారణ చరిత్రను మందుల చరిత్ర నుంచి వేరుచేసి చూడగలుగుతారు.
• ఫ్లోరోసిస్, పెల్లాగ్రా, దొడ్డికాళ్ల జబ్బు, ఏలూరు అస్వస్థత, ఉద్దానం మూత్రపిండాల వ్యాధి ఎలా వెలుగులోకి వచ్చాయో వివరించగలుగుతారు.
• జబ్బుకు పేరు పెట్టడానికీ, దాన్ని నయం చేయడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

1. పరిచయం

వైద్య చరిత్ర అనగానే మనకు కొత్త మందులు, టీకాలు, శస్త్రచికిత్సలు గుర్తుకొస్తాయి. అంతకంటే ముందు జరగవలసిన పని ఒకటి ఉంది. రోగికి వచ్చిన జబ్బేమిటో తేల్చాలి. పుస్తకంలో ఉన్న లక్షణాలతో రోగి వచ్చినప్పుడు ఈ పని సులువు. పుస్తకంలో లేని లక్షణాలతో వచ్చినప్పుడు, లేదా తెలిసిన లక్షణాలే పొంతన లేకుండా కలిసి వచ్చినప్పుడు వైద్యుడు ఏం చేశాడన్నది చరిత్రకారుడికి ఆసక్తికరమైన ప్రశ్న.

ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జిని 1700లో వృత్తి సంబంధ వ్యాధుల మీద గ్రంథం ప్రచురించాడు. ప్రాచీన గ్రీకు వైద్యులు రోగిని అడగమన్న ప్రశ్నలకు ఆయన మరొకటి జోడించాడు: ‘నువ్వు ఏ పని చేస్తావు?’ చిన్న ప్రశ్నే అయినా వైద్యుడి చూపును మంచం మీది మనిషి నుంచి అతని పొలానికి, బావికి, వంటింటికి మళ్లించగలదు. తెలుగు ప్రాంతాల్లో గత తొమ్మిది దశాబ్దాలలో అంతుచిక్కని జబ్బులుగా పేరుపడిన వాటిని వరుసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. జవాబు దొరికిన చోటల్లా వైద్యుడు ఆస్పత్రి గడప దాటి వెళ్లాడు. జవాబు దొరికాక కూడా జనం బాధపడిన చోటల్లా చికిత్స మందుల సీసాలో లేదు. ఈ రెండు అంశాలనూ ఐదు ఉదాహరణలతో పరిశీలిద్దాం.

2. ఎద్దుల నుంచి మనుషుల దాకా: నెల్లూరు ఫ్లోరోసిస్

1930లలో మద్రాసు ప్రెసిడెన్సీకి చెందిన నెల్లూరు జిల్లాలో పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు మెట్ట పంటల మీద బతికేవి. ఇవి తరువాత ప్రకాశం జిల్లాలో చేరాయి. అక్కడ తేడాను మొదట కనిపెట్టినవారు రైతులు. దుక్కి ఎడ్లు కీళ్లు బిగిసి నడవలేకపోయాయి. మంచి వయసులో ఉన్న ఎద్దు కాడి కిందికి రాలేకపోవడం రైతుకు చిన్న నష్టం కాదు. పశువైద్యులు దీన్ని నమోదు చేసిన కొద్ది కాలానికే మనుషుల్లోనూ అదే తీరు బయటపడింది.

వెన్ను కర్రలా బిగుసుకుపోయి, మెడ పక్కకు తిరగక, కొందరికి కాళ్లలో పట్టు తప్పిన రోగులు వారు. ఇటువంటి నొప్పిని ఊళ్లో ‘వాతం’ అనేస్తారు. వైద్యుడికైతే కీళ్లవాతం గాని, వెన్నెముక క్షయ గాని ముందు తడతాయి. ఎక్స్‌రే ఆ రెంటికీ ఒప్పుకోలేదు. ఎముక అరిగిపోవడానికి బదులు మరీ చిక్కబడి తెల్లగా కనిపించింది. ఎముకలను కలిపి ఉంచే బంధకాలు సైతం సున్నం పట్టి గట్టిపడ్డాయి.

ఈ చిక్కు వీడడానికి దూరదేశాల పరిశీలనలు ఉపకరించాయి. పళ్ల మీద గోధుమరంగు మచ్చలకు తాగునీటిలోని ఫ్లోరైడ్ కారణమని 1931లో అమెరికాలో తేలింది. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో క్రయొలైట్ అనే ఫ్లోరైడ్ ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఎముకలు చిక్కబడ్డాయని 1932లో ప్రకటించారు. మచ్చల పళ్లు ఒక దేశంలో, చిక్కటి ఎముకలు మరో దేశంలో బయటపడగా, నెల్లూరు జిల్లా రోగుల్లో ఆ రెండు ఆనవాళ్లూ ఒకే మనిషిలో ఉన్నాయి. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, సి.జి. పండిట్, టి.ఎన్. రాఘవాచారి 1937లో ఈ జబ్బును స్థానిక ఫ్లోరోసిస్‌గా ప్రకటించారు. దాని మూలం ఊరి బావుల నీటిలో ఉంది.

కోపెన్‌హాగెన్ కార్మికుడికి ఈ జబ్బు కర్మాగారపు దుమ్ము వల్ల వచ్చింది. పొదిలి రైతుకు కర్మాగారం ముఖమే తెలియదు. ఎండలో పనిచేసేవాడు ఎక్కువ నీళ్లు తాగుతాడు. తిండిలో కాల్షియం తక్కువగా ఉంటుంది. కష్టం చేసేవాడి ఒంట్లోకే ఫ్లోరైడ్ ఎక్కువగా చేరుతుంది.

3. నల్గొండ: పేరు తెలిసిన జబ్బు, చేరని నీరు

హైదరాబాద్ రాష్ట్రంలోని నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్‌ను ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సవివరంగా ప్రచురించారు. నాడులు నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడిన రోగులను వైద్యలోకం దృష్టికి తెచ్చిన ముఖ్యమైన వ్యాసాలలో అది ఒకటి. ఇక్కడ నిర్ధారణలో సందేహం మిగలలేదు. చిక్కంతా చికిత్సలో వచ్చింది. ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. వంగిన వెన్ను మళ్లీ నిటారు కాదు. చేయగలిగింది ఒక్కటే, ఇంకా జబ్బుపడని పిల్లలకు మంచి నీరు ఇవ్వడం.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నీటిని కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది కూడా. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే విధానాన్ని రూపొందించింది. అది ‘నల్గొండ పద్ధతి’గా ప్రపంచ గ్రంథాలకెక్కింది. రోజూ కొలిచి కలపడం, తేటనీరు తీయడం, అడుగున మిగిలిన మడ్డిని పారబోయడం పూటకూలికి పోయే ఇంటికి భారమే. శాశ్వత పరిష్కారం నదీజలాలేనని అందరూ ఒప్పుకున్నారు. గొట్టాల ద్వారా ఇంటింటికీ నదీజలాలు ఇచ్చే మిషన్ భగీరథ పథకం తెలంగాణలో మొదలైంది 2016లో. సిద్దిఖీ వ్యాసానికీ దానికీ మధ్య 61 సంవత్సరాలున్నాయి. ఆ మధ్యకాలంలో పుట్టి, ఆ నీళ్లే తాగి, నడుము వంగిపోయిన తరాలు ఉన్నాయి. వారికి నిర్ధారణలో ఏ లోపమూ జరగలేదు.

4. జొన్న తినేవారి చర్మం: హైదరాబాద్ పెల్లాగ్రా

జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి విచారణ విభాగంగా మొదలై 1950ల చివర్లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. తరలివచ్చిన శాస్త్రవేత్తలకు ఇక్కడి ఆస్పత్రుల్లో పెల్లాగ్రా రోగులు కనిపించారు. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులు లేవడం, మెడ చుట్టూ హారంలా మచ్చ, విరేచనాలు, ముదిరితే మతి చలించడం దీని లక్షణాలు.

పెల్లాగ్రా అప్పటికి కొత్త జబ్బు కాదు. స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ 18వ శతాబ్దంలోనే దాన్ని వర్ణించాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అది అంటువ్యాధి అనుకుంటున్న రోజుల్లో, 1914లో జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌ను విచారణకు పంపారు. పిచ్చాస్పత్రుల్లో రోగులకు జబ్బు వస్తోంది, వారితోపాటే మసలే సిబ్బందికి రావడం లేదని ఆయన గమనించాడు. అంటువ్యాధి అయితే ఉద్యోగమేదని చూసి వదిలిపెట్టదు. తేడా తిండిలో ఉందని ఆయన తేల్చాడు. 1937లో నియాసిన్ అనే విటమిన్ లోపం దీనికి మూలమని రుజువైంది. మొక్కజొన్నలో నియాసిన్ ఒంటికి అందని రూపంలో ఉంటుంది. నియాసిన్ తయారీకి పనికొచ్చే ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లమూ అందులో తక్కువ. అందుకే పెల్లాగ్రా మొక్కజొన్న తినే పేదల జబ్బుగా పుస్తకాల్లో స్థిరపడింది.

హైదరాబాద్‌లో చిక్కు ఇక్కడే వచ్చింది. ఈ రోగులు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు. అలాంటప్పుడు జబ్బు రాకూడదు. పుస్తకాన్ని నమ్మి రోగిని అనుమానించే వీలుంది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య మాత్రం గింజను అనుమానించారు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉందనీ, అది ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే క్రమానికి అడ్డుపడుతోందనీ 1960లో లాన్సెట్ పత్రికలో ప్రతిపాదించారు. తరువాత అధికంగా లూసిన్ ఇచ్చిన కుక్కల్లో పెల్లాగ్రాకు సమానమైన ‘నల్లనాలుక’ జబ్బును ఈ బృందమే చూపింది. ఈ సిద్ధాంతం మీద శాస్త్రవేత్తల మధ్య ఆ తరువాత వాదప్రతివాదాలు సాగాయి. పుస్తకంలో ఇమడని రోగిని పక్కన పెట్టకుండా పుస్తకాన్నే తిరిగి పరిశీలించిన తీరు మాత్రం నిలిచిపోయింది.

చికిత్స సంగతి చూడండి. నియాసిన్ మాత్రలు వేస్తే నాలుక మంట, విరేచనాలు కొద్ది రోజుల్లో తగ్గుతాయి. రోగి ఇంటికి వెళ్లి మళ్లీ ఆ ఒక్క ధాన్యంతోనే కడుపు నింపుకుంటే జబ్బు తిరిగి వస్తుంది. కాలక్రమంలో తిండిలో వరి, పప్పు, ఇతర దినుసులు చేరినకొద్దీ ఈ ప్రాంతంలో పెల్లాగ్రా తగ్గిపోయింది. దీన్ని బట్టి జొన్న చెడ్డదని అర్థం చేసుకోరాదు. పప్పు, కూర, పాలతో తినే జొన్నరొట్టె మంచి ఆహారం. పక్కన ఏమీ లేకుండా ఏడాది పొడవునా అదొక్కటే తినవలసి రావడమే అసలు జబ్బు.

5. ప్రాజెక్టు వచ్చాక వంగిన మోకాళ్లు

నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. కొన్నేళ్లలో నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ గ్రామాల్లో ఎదిగే వయసు పిల్లల మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగలడం, పాదాలు ఎడమవడం కనిపించింది. మగపిల్లల్లో ఇది ఎక్కువ. జనం దొడ్డికాళ్లు అన్నారు. జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్‌లో దీన్ని నివేదించారు.

ఫ్లోరోసిస్ ఎముకను చిక్కబరుస్తుందని పై భాగంలో చదివాం. ఈ పిల్లల వెన్ను చిక్కబడి ఉంటే, కాళ్ల ఎముకలు గుల్లబారాయి. ఒకే ఒంట్లో రెండు ఎదురుబొదురు మార్పులు! ఫ్లోరైడ్ ఒక్కటే దీన్ని వివరించలేదు. శాస్త్రవేత్తలు ఊళ్ల నేలను, గింజలను పరీక్షించారు. జలాశయం, కాలువల ఊటతో భూగర్భజల మట్టం పెరిగి, నేలలోని క్షారగుణం మారి, జొన్నలో మాలిబ్డినం హెచ్చిందనీ, అది ఒంట్లోని రాగిని మూత్రం ద్వారా బయటకు పంపేస్తోందనీ, రాగి కొరతతో ఎదిగే ఎముక బలహీనపడుతోందనీ వారు ఒక వివరణ ఇచ్చారు. ఇది ప్రతిపాదన స్థాయి వివరణే అని గుర్తుంచుకోండి. అయినా చరిత్ర విద్యార్థికి దీనిలో పెద్ద పాఠముంది. లక్షల ఎకరాలకు నీరిచ్చిన ఒక అభివృద్ధి పథకపు ఫలితాలను లెక్కగట్టేటప్పుడు ఒక పల్లెటూరి కుర్రవాడి మోకాలి ఎక్స్‌రే కూడా చారిత్రక ఆధారమే అవుతుంది.

6. ఏలూరు, డిసెంబరు 2020

ఈ పాఠం రాస్తున్న బాపులపాడు నుంచి జాతీయ రహదారి మీద ఏలూరు దగ్గరి ప్రయాణమే. 2020 డిసెంబరు 5న ఏలూరు వన్‌టౌన్ ప్రాంతంలో మనుషులు ఉన్నపళంగా కూలిపోవడం మొదలైంది. మూర్ఛ, తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం, కొద్దిసేపు మతిమరుపు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా అస్వస్థులయ్యారు. చాలామంది కొన్ని గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో తేరుకున్నారు. కోవిడ్ భయం ఇంకా తగ్గని కాలం అది. కోవిడ్ పరీక్షల్లో ఏమీ తేలలేదు. ఒకరి నుంచి ఒకరికి సోకుతున్న ఆనవాలూ లేదు.

ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, నీరి, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు రంగంలోకి దిగారు. తొలి రోజుల్లోనే కొందరి రక్తంలో సీసం, నికెల్ దొరికాయని ఎయిమ్స్ తెలిపింది. పత్రికల్లో అదే పతాక శీర్షిక అయింది. ఇక్కడ విద్యార్థులు ఆగి ఆలోచించాలి. సీసం ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి నిలవ ఉండే లోహం. సీసపు విషం సాధారణంగా నెమ్మదిగా పేరుకుంటుంది. ఒక్క సాయంత్రం వందల మందిని పడగొట్టి, మర్నాటికి లేపి నిలబెట్టే తీరు దానిది కాదు. రక్తంలో ఒక పదార్థం దొరకడం వేరు, జబ్బుకు అదే కారణమని తేల్చడం వేరు. జబ్బు ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంది, ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు అన్న వివరాలతో ప్రయోగశాల ఫలితం పొసగాలి.

ఆ నెల మధ్యలో ప్రభుత్వానికి ఇచ్చిన అభిప్రాయాల్లో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ చెప్పాయి. మూర్ఛ ఎందుకు వచ్చిందో దీనితో కొంత అర్థమవుతుంది. అంతమంది ఒంట్లోకి అది ఏ దారిన చేరిందన్న ప్రశ్నకు మాత్రం అందరూ ఒప్పుకున్న జవాబు రాలేదు. జబ్బు తగ్గిపోవడంతో ఆ ప్రశ్న మీద ఆసక్తీ తగ్గింది. రోగులు కోలుకుంటే కేసు ముగిసినట్టేనా అన్నది ఏలూరు మన ముందు పెట్టిన ప్రశ్న.

7. ఉద్దానం: ఇంకా తెరిచి ఉన్న కేసు

శ్రీకాకుళం జిల్లా తీరంలో కొబ్బరి, జీడి తోటల ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వంటి మండలాల్లో మూత్రపిండాలు దెబ్బతిన్నవారు విపరీతంగా ఎక్కువ. మామూలుగా ఈ జబ్బుకు మధుమేహం, అధిక రక్తపోటు కారణాలు. ఉద్దానం రోగుల్లో చాలామందికి ఆ రెండూ ముందు నుంచీ లేవు. సగానికి పైగా పనితీరు పోయేదాకా మూత్రపిండం పెద్దగా బాధ తెలియనివ్వదు. అందువల్ల రోగి ఆస్పత్రికి వచ్చేసరికే ఆలస్యమైపోతుంది.

మధ్య అమెరికాలో చెరకు నరికే కూలీల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి రైతుల్లోనూ ఇదే తరహా జబ్బు ఉంది. ఎండలో నీరు తాగకుండా చేసే కష్టం, తాగునీరు, వ్యవసాయ రసాయనాలు, వంశపారంపర్య లక్షణాలు అన్నీ అనుమానితులే. దోషి ఒక్కటేనని ఇంకా నిరూపణ కాలేదు. అయినా కారణం తేలేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కరలేదు. క్రియాటినిన్ పరీక్షతో ముందుగా గుర్తించడం, నొప్పి మాత్రలు విచ్చలవిడిగా మింగకుండా చూడడం, దగ్గరలో డయాలిసిస్, మంచి నీరు ఇప్పుడే చేయగల పనులు. 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఇక్కడ వరుస తిరగబడింది. నల్గొండలో నిర్ధారణ ముందు వచ్చి నీరు ఆలస్యమైంది. ఉద్దానంలో నిర్ధారణ పూర్తికాకముందే ఆసరా మొదలైంది.

8. అన్వయం: మామిడి తోటలో అడగవలసిన ప్రశ్న

పై ఉదాహరణల సారం మన ఊళ్లకు ఎలా వర్తిస్తుందో చూద్దాం. నూజివీడు, ఆగిరిపల్లి, బాపులపాడు ప్రాంతాల్లో మామిడి పూతకొచ్చే కాలంలో తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందులు కొడతారు. ఆ రోజుల్లో ఒక కూలీ తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడంతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చాడనుకోండి. ఇంట్లోవాళ్లు పైత్యం చేసిందంటారు. వైద్యుడు ‘ఈ రోజు ఏ పని చేశావు?’ అని అడిగితే, కంటిపాపలు చిన్నవయ్యాయా, చెమట, నోట్లో నీరు ఎక్కువగా ఊరుతున్నాయా అని చూస్తాడు. ఉంటే అది ఆర్గానోఫాస్ఫేట్ మందు విషం కావచ్చు. తడిసిన బట్టలు విప్పించి, ఒళ్లు సబ్బుతో కడిగించి, అట్రోపిన్ మొదలుపెడతారు. ఆ ప్రశ్న అడగకపోతే వాంతుల మాత్ర రాసి పంపేస్తారు. రెండు దారులూ ఒకే గదిలోంచి మొదలవుతాయి.

అలాగే కాయ మగ్గబెట్టడానికి కాల్షియం కార్బైడ్ వాడకం చట్టవిరుద్ధం. దానిలో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుండే అవకాశముంది. గోదాముల్లో పనిచేసేవారి దగ్గు, కళ్ల మంట, తలనొప్పి వెనక ఇదేమైనా ఉందా అని అడిగేవారుండాలి. మందు డబ్బా మీది పేరు గుర్తుంచుకోవడం, ఆస్పత్రికి ఆ డబ్బాను కూడా తీసుకెళ్లడం ఏ చదువూ అక్కరలేని నిర్ధారణ సాధనాలు.

9. సారాంశం

తెలుగు ప్రాంతాల అంతుచిక్కని జబ్బులు చాలావరకు నీటితో, గింజతో, నేలతో, పనితో ముడిపడినవి. నెల్లూరులో ఎద్దు, హైదరాబాద్‌లో జొన్నగింజ, సాగర్ ఆయకట్టులో మోకాలు వైద్యులకు దారి చూపాయి. ప్రయోగశాల ఫలితాన్ని జబ్బు తీరుతో సరిపోల్చాలని ఏలూరు చెప్పింది. కారణం తేలకపోయినా రోగిని ఆదుకోవచ్చని ఉద్దానం చెబుతోంది. నిర్ధారణ వైద్యుడి పని. నిర్ధారణ అయిన జబ్బును ఊరి నుంచి తొలగించడం ప్రభుత్వం, సమాజం చేయవలసిన పని. మొదటిది జరిగి రెండవది ఆలస్యమైతే ఏమవుతుందో నల్గొండ ఆరు దశాబ్దాల పాటు చూపించింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ నిర్ధారణకు అమెరికా, డెన్మార్క్ పరిశీలనలు ఎలా తోడ్పడ్డాయి?
2. హైదరాబాద్ పెల్లాగ్రా రోగులు అప్పటి పాఠ్యపుస్తక వివరణకు ఎందుకు ఇమడలేదు?
3. రక్తంలో సీసం దొరికినంత మాత్రాన ఏలూరు అస్వస్థతకు అదే కారణమని ఎందుకు చెప్పలేం?
4. ‘నిర్ధారణ పూర్తయితే చికిత్స పూర్తయినట్టు కాదు.’ నల్గొండ, ఉద్దానం అనుభవాలను పోల్చి 30 పంక్తులలో చర్చించండి.
5. అభ్యాస కృత్యం: మీ గ్రామంలో 60 ఏళ్లు దాటిన ఐదుగురిని కలవండి. వారి చిన్ననాట తాగిన నీరు, తిన్న ధాన్యం, చేసిన పని, ఊళ్లో ఎక్కువగా కనిపించిన జబ్బులు నాలుగు వరుసల పట్టికగా రాయండి. వాటి మధ్య ఏమైనా సంబంధం కనిపిస్తే, దాన్ని నిర్ధారించడానికి ఇంకా ఏయే వివరాలు కావాలో పేర్కొనండి.